తామరాకు కంచంలో పప్పన్నం: చేత్తో చేసిన స్టోన్‌వేర్‌తో కొన్నేళ్లు

ఫోర్కుతో తినేవారికి కంచం చేయడం వేరు, చేత్తో కలుపుకుని తినేవారికి చేయడం వేరు. పుదుచ్చేరి దగ్గర ఒక చిన్న పనిశాల నుంచి తెచ్చుకున్న స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో రాయిలా గట్టిగా కాల్చిన మట్టి) సామాను మా ఇంట్లో కొన్నేళ్లుగా రోజువారీ వాడకంలో ఉంది. తామరాకు ఆకారంలో కంచాలు, ఏటి గులకరాయిలా నున్నగా ఉండే పిడి లేని కాఫీ కప్పులు, చీలిన గింజల రూపంలో పచ్చడి గిన్నెలు, ఒక పెరుగు గిన్నె. చూడటానికి అన్నీ అందమైనవే. మన భోజనానికి మాత్రం అన్నీ ఒకేలా ఒదగలేదు.

పుదుచ్చేరిలో ఈ పని ఇంతగా వేళ్లూనుకోవడానికి కారణం ఉంది. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే కుమ్మరులు అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ అనే పనిశాలను స్థాపించారు. వారి దగ్గర పని నేర్చుకున్నవారిలో చాలామంది తరువాత సొంత బట్టీలు పెట్టుకున్నారు. మన కుమ్మరి ఆవంలో కుండ సాధారణంగా వెయ్యి డిగ్రీల లోపే కాలుతుంది. అందుకే దానిలోంచి నీరు చెమరుస్తుంది, కూజాలో నీళ్లు చల్లబడతాయి. స్టోన్‌వేర్ మట్టి 1200 నుంచి 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలి, లోపలి సందులు మూసుకుపోయి రాయిలా గట్టిపడుతుంది. ఇది తెలుగు ఇళ్లకు కొత్తదేమీ కాదు. ఆవకాయ జాడీ స్టోన్‌వేరే కదా! ఉప్పుకు, పులుపుకు, నూనెకు ఏళ్ల తరబడి తట్టుకునేది అదేనని మన పెద్దవాళ్లకు బాగా తెలుసు. వంటింటి అటక మీద ఉన్న ఆ మట్టి కంచం దాకా రాలేదు, అంతే.

ముందు కంచాల సంగతి. మట్టి పలకను పరిచి, తామరాకు నరాలను పైకి ఉబికేలా తీర్చి, అంచును అక్కడక్కడా అలలా ఎత్తి చేశారు. పైన లేత ఆకుపచ్చ గ్లేజు, అంటే బట్టీలో కరిగి గాజులా అంటుకునే పూత. ఈ రంగుకు మూలం ఇనుము. గ్లేజులో ఒకటి రెండు శాతం ఐరన్ ఆక్సైడ్ చాలు. బట్టీలోకి గాలి తగ్గిస్తే మంట తనకు కావలసిన ఆక్సిజన్‌ను ఆ ఆక్సైడ్ నుంచే లాక్కుంటుంది, రంగు పచ్చబడుతుంది. గాలి ధారాళంగా ఆడితే అదే గ్లేజు తేనె రంగుకు తిరుగుతుంది. చైనాలో శతాబ్దాల క్రితమే పండిన ఈ విద్యను సెలడాన్ అంటారు. కరిగిన గ్లేజు ఎత్తుల మీద నుంచి జారి గుంటల్లో చేరుతుంది కాబట్టి నరాల మీద రంగు పలచగా, వాటి మధ్య చిక్కగా కనిపిస్తుంది. ఆకును బొమ్మగా గీయకుండా గ్లేజు పారే తీరుతోనే ఆకును చూపించడం ఆ చేతి గొప్పతనం. మా కంచాల్లో ఏ రెండింటి పచ్చా ఒకటి కాదు.

ఇక తినడం. పెరుగన్నం కలుపుతుంటే వేళ్ల కింద ఆ నరాలు తగులుతాయి. చల్లటి నునుపు మధ్య సన్నటి గట్లు. స్టీలు కంచంలో వేళ్లకు అన్నం తప్ప ఇంకేమీ తెలియదు. ఇక్కడ కంచం కూడా తెలుస్తుంది. నాకు భోజనం నెమ్మదించింది దీనివల్లే. ముద్దకూ ముద్దకూ మధ్య వేళ్లు కంచం మీద ఊరికే ఆగడం అలవాటైంది. పిల్లలైతే నరాల మధ్య గదుల్లో కూరలు సర్దుకుని, ఏది ఏ గదిలో ఉండాలో తామే నిర్ణయించుకుంటారు.

చారన్నం దగ్గరకు వచ్చేసరికి ఇదే కంచం ఇబ్బంది పెడుతుంది. అల తగ్గిన చోట అంచు దాదాపు బల్లకు సమానంగా ఉంటుంది, చారు అటువైపే పారుతుంది. అరిటాకుకు మాత్రం అంచు ఉందా అని అడగవచ్చు. ఆకు మీద మనం అన్నంతోనే గట్టు కట్టి, మధ్యలో గుంట చేసి చారు పోయించుకుంటాం. ఆకు మెత్తన కాబట్టి చివరి మెతుకుల్ని దాని మీద మునివేళ్లతో ఊడ్చుకోగలం. గట్టి కంచంలో చివరి రెండు ముద్దలకు ఒక గోడ కావాలి. దానికి ఆనించి అన్నాన్ని కూడదీసుకుంటేనే ముద్ద అవుతుంది. అచ్చంగా వేలెడు ఎత్తు గోడ, లోపలివైపు వంపుగా. ఇది లేని కంచం ఎంత అందమైనదైనా మన భోజనానికి సగమే పనికివస్తుంది. ఇలాంటి సామాను రూపొందించేవాళ్లలో ఎక్కువమంది సలాడ్‌ను, కేకు ముక్కను మనసులో పెట్టుకుంటున్నారని నా అనుమానం. ఈ దేశంలో కంచం చేసేవారు ఒక్కసారైనా దానిలో చారన్నం కలుపుకుని చూడాలి.

నరాల పక్కన పప్పు ఆరిపోతే కడగడం కష్టం. తిన్న వెంటనే నీళ్లు పోసి ఉంచితే చేత్తోనే వచ్చేస్తుంది. పసుపు మరక వేరే కథ. మా కంచాల్లో ఒకదాని గ్లేజు మీద కొన్ని నెలలకు వెంట్రుకల్లాంటి పగుళ్లు తేలాయి. చల్లబడేటప్పుడు గ్లేజు లోపలి మట్టి కంటే ఎక్కువగా కుంచించుకుపోతే ఇలా అవుతుంది. కొన్నింటిలో వెంటనే, కొన్నింటిలో ఆలస్యంగా బయటపడుతుంది. ఆ సన్నటి గీతల్లోకి పసుపు దిగి, కంచమంతా పసుపు సాలెగూడు అల్లినట్టయింది. సబ్బుతో పోలేదు. ఎండలో పెడితే పోయింది. పసుపులోని రంగు వెలుతురుకు నిలవదు. రెండు మధ్యాహ్నాల ఎండకు గీతలు మళ్లీ లేతబడ్డాయి. పగుళ్లున్న ఆ కంచాన్ని ఇప్పుడు పండ్లకు, పూజ పూలకు వాడుతున్నాను. తడి, నూనె నిలిచే వంటకాలకు వాడను.

కాఫీ కప్పుల విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిల్టర్ కాఫీ స్టీలు గ్లాసులో అయితే మొదట పట్టుకోలేం, కాసేపటికే చల్లారిపోతుంది. ఈ కప్పు గోడ మందంగా ఉండి వేడిని నిదానంగా అరచేతికి పంపుతుంది. ఒక పక్కన బొటనవేలు కూర్చునేంత చిన్న నొక్కు ఉంది. చూడకుండా తీసుకున్నా చెయ్యి దాన్ని వెతుక్కుంటుంది. పెదవి తగిలే అంచు మాత్రం పలచగా, కాస్త బయటికి విచ్చుకుని ఉంటుంది. కింద బరువు, పైన తేలిక. తెల్లవారుజామున ఇంకా ఎవరూ లేవకముందు రెండు చేతుల మధ్య ఆ కప్పు పట్టుకుని కూర్చునే సమయం కోసమే నేను త్వరగా లేస్తున్నాను. ఒక్క జాగ్రత్త: మందపు కప్పు మొదట కాఫీ వేడినే తాగేస్తుంది. ముందుగా వేడినీళ్లు పోసి, తిప్పి పారబోస్తే ఆ నష్టం ఉండదు.

పచ్చడి గిన్నెల లోపల మెరుపు లేని నీలి ఆకుపచ్చ గ్లేజు ఉంది. అది రాగి వల్ల వచ్చిన రంగని పనిశాలలోనే చెప్పారు. రాగి ఎక్కువగా ఉండి, మెరుపు లేని గ్లేజులు కొన్ని పులుపు తగిలితే కరుగుతాయి. నిమ్మచెక్కను ఒక గిన్నెలో బోర్లించి రాత్రంతా వదిలితే, తెల్లారేసరికి ఆ చోట రంగు వెలిసి మచ్చ కనిపించింది. కాబట్టి వాటిలో పచ్చడి వేయడం లేదు. ఒకదానిలో రాళ్ల ఉప్పు, ఇంకోదానిలో వక్కలు, మూడోది కుంకుమకు. పచ్చడి గిన్నె పేరుతో అమ్మేదానికి పులుపును తట్టుకునే గ్లేజు వేయడం కనీస బాధ్యత. ఈ ఒక్క విషయంలో నాకు ఆ పనిశాల మీద నిజంగా కోపం వచ్చింది. రాసి పంపాను. తరువాతి గిన్నెలకు లోపల తెల్లటి గ్లేజు వేస్తామన్నారు.

పెరుగు గిన్నె బాగుంది, కానీ కుండ పెరుగు ఆశించవద్దు. కుండ గోడ నీటిని పీల్చి బయటికి వదలడం వల్ల పెరుగు గడ్డకడుతుంది. గ్లేజు వేసిన స్టోన్‌వేర్ అలా పీల్చదు. స్టీలు గిన్నెలో తోడుకున్నట్టే ఉంటుంది.

బరువు గురించి దాచడానికి ఏమీ లేదు. ఒక్కో కంచం దాదాపు కిలో ఉంటుంది. మా అత్తగారికి మణికట్టు నొప్పి. కంచం చేతిలోకి తీసుకుని, "ఇది నాకు వద్దమ్మా, నా స్టీలు కంచం నాకు ఇచ్చెయ్యి" అన్నారు. ఆవిడ మాట న్యాయమే. అంచులు అలల్లా ఉండటంతో ఒకదానిలో ఒకటి ఒదగవు, గూటిలో చాలా చోటు తింటాయి. గ్రానైటు సింకు అంచుకు తగిలి ఒకటి పెచ్చు ఊడింది. స్టీలు చెంచాలు వాడితే బూడిదరంగు గీతలు పడతాయి. అవి గాట్లు కావు, చెంచా లోహం అంటిన జాడలు. ఇత్తడి తోమే పొడితో మెల్లగా రుద్దితే చాలావరకు పోయాయి. అడుగున గ్లేజు లేని వలయం గరుకుగా ఉండి టేకు బల్లను గీరుతుంది. సన్నటి గరుకు కాగితాన్ని తడిపి రుద్దితే నున్నబడింది.

ధర చూస్తే, ఒక్క కంచం డబ్బుకు మంచి స్టీలు కంచాలు అరడజను వస్తాయి. మొదటిసారి కొనేవారు కప్పులతో మొదలుపెట్టండి. కంచాలు కొనేటప్పుడు ఖాళీ కంచంలోనే అన్నం కలుపుతున్నట్టు చెయ్యి తిప్పి చూడండి, మోచెయ్యి ఎత్తకుండా చివరి ముద్ద కూడదీయగలరేమో చూసుకోండి. నీరు అడుగున చెమరుస్తుందేమో తెలిసేలా, నీళ్లు పోసి బల్ల మీద కాసేపు ఉంచి చూపించమని అడగడానికి మొహమాటపడకండి. మంచి కుమ్మరి సంతోషంగా చూపిస్తారు.

నేను మళ్లీ ఒక జత చేయించుకుంటున్నాను. అదే తామరాకు, అదే పచ్చ. నరాలు అడుగున అలాగే ఉంటాయి, అంచు మాత్రం చుట్టూ వేలెడు ఎత్తు లేస్తుంది. మట్టి తగ్గించి తేలిక చేయగలరా అని కూడా అడిగాను. గోడ లేచాక అడుగు పలచన చేస్తే బట్టీలో వంగిపోవచ్చని, ముందు ఒకటి కాల్చి చూసి చెబుతామని అన్నారు.