‘కంపెనీ ఒరిజినల్ రెగ్జిన్’ అంటే నమ్మి పాత సీటు కవర్లు వదులుకోకండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు పాత అంబాసిడర్లు, ఫియట్లు బాగు చేయించుకుంటున్నవాళ్లు సీట్లు విప్పించే ముందు ఇది చదవండి. ఇక్కడ సీట్లు కుట్టే ఒక షాపులో 1960ల నాటి ఫియట్ లోపలి పని ‘ఒరిజినల్’ పేరుతో జరిగింది. రెండు వానాకాలాలు దాటేసరికి రెగ్జిన్ పైపొర పొలుసులుగా ఊడిపోయింది. వేసింది పీయూ, అంటే పాలీయురేథేన్ పూత ఉన్న సరుకు. అంతకన్నా పెద్ద నష్టం, పాత కవర్లూ స్ప్రింగులూ తుక్కు కింద అమ్మేశారు. రెగ్జిన్ మళ్లీ కొనొచ్చు. కుట్టు గీతల వెడల్పు, పైపింగు (అంచుల వెంట కుట్టే గుండ్రటి పట్టీ) తిరిగిన దారి, అసలు రంగు చెప్పేది మాత్రం ఆ పాత కవరే.

ఏ ఏడాది బండికి ఒరిజినల్ అని ముందు అడగండి. అంబాసిడర్ 1950ల చివర్లో మొదలై 2014 దాకా తయారైంది. ముందు ఒకటే పొడుగు సీటున్న బళ్లూ ఉన్నాయి, విడి సీట్లవీ ఉన్నాయి. సాంపిల్ పుస్తకంలో చూపించే ఒక్క ముక్క వాటన్నిటికీ ఒరిజినల్ ఎట్లా అవుతుంది?

అసలు రంగు వెతకాల్సింది ఎండ తగలని చోట. సీటు అడుగున ఫ్రేముకు రింగులతో బిగించిన అంచు, పైపింగు లోపలి మడత, డోర్ ప్యాడ్ (తలుపు లోపలివైపు కవరు వేసిన చెక్క) మీద అద్దం తిప్పే హ్యాండిల్ కింది బిళ్ల చాటు చూడండి. పక్కన కొలత టేపు పెట్టి పగటి వెలుగులో ఫొటో తీయండి, ట్యూబులైటు కింద రంగు మారిపోతుంది. ఒక జాగ్రత్త: కవరు కింద ఇంకో కవరు ఉన్నా, డోర్ ప్యాడ్ చెక్కకు రెండు వరసల మేకుల రంధ్రాలున్నా ఆ బండికి అంతకుముందే ఒకసారి సీట్లు మార్చారన్నమాట. అప్పుడు పైది చూసి కుట్టిస్తే ఎవరో చేసిన తప్పునే మళ్లీ కుట్టించినట్టు.

ఆ కాలం సీట్ల రెగ్జిన్ ఎక్కువగా బట్ట మీద పీవీసీ పూతది. పీయూ చేతికి మెత్తగా, తోలులా ఉంటుంది కాబట్టే జనం మోసపోతారు. గాలిలో తేమకు దాని పొర లోలోపలే విరిగిపోయి బట్టను వదిలేస్తుంది. వానల్లో టార్పాలిన్ కప్పి ఉంచే బండికి ఇది ఇంకా తొందర. తేడా పట్టడానికి రాగి తీగ చాలు. తీగ మీది ప్లాస్టిక్ తొడుగు పూర్తిగా ఒలవండి, తొడుగు కూడా పీవీసీనే కాబట్టి మిగిలితే తప్పు చూపిస్తుంది. మంటలో రంగు రావడం ఆగేదాకా తీగ కాల్చి, వేడిగా ఉండగానే రెగ్జిన్ పైపొరకు ఆనించి, మళ్లీ మంటలో పెట్టండి. ఆకుపచ్చ మంట వస్తే పీవీసీ. ఆరుబయట చేయండి, ఆ పొగ పీల్చకూడదు.

ఇంకో మోసం స్ప్రింగుల దగ్గర. అసలు సీటులో కింద స్ప్రింగులు, వాటి మీద గోనెపట్ట, ఆపైన పీచు లేదా దూది పొర, చివర కవరు. స్ప్రింగులు తుప్పు పట్టాయని చెప్పి పీకేసి స్పంజి దిమ్మ పెడతారు, ఎందుకంటే పని సగం తగ్గుతుంది. సీటు ఎత్తు మారి స్టీరింగు తొడలకు తగులుతుంది. విరిగిన స్ప్రింగు ఒక్కటి మార్చి, మిగతావి గీకి రంగు వేస్తే చాలు. గోనెపట్ట మాత్రం కొత్తది వేయించండి, అది చినిగితే స్ప్రింగు పీచును తినేస్తుంది.

రూఫ్ లైనింగు కడ్డీలకు వేలాడే రకమైతే జిగురుతో అంటించనివ్వకండి, మే నెల ఎండకు జారుతుంది. డోర్ ప్యాడ్ వెనక పాలిథిన్ షీటు లేకపోతే వాన నీటికి చెక్క ఉబ్బుతుంది.

రెగ్జిన్ మొత్తం ఒకే రోల్ నుంచి, లెక్క మీద 1 మీటరు ఎక్కువ కొనండి. తర్వాత తెచ్చిన ముక్క రంగు కలవదు. బిల్లు మీద పీవీసీ అని, ఎన్ని మీటర్లని, పాత సరుకంతా సంచిలో కట్టి తిరిగి ఇస్తామని రాయించండి. వాళ్లు ‘రాయం’ అంటే అడ్వాన్సు కట్టకుండా సీట్లు వెనక్కి తెచ్చుకోండి.