నాలుగు సెంటీమీటర్ల హరిదాసు: మినీఫిగర్లతో ఎనిమిదేళ్లు

నా మొదటి మినీఫిగర్‌కి ఎడమ చంక కింద వెంట్రుకంత పగులు ఉంది. ప్లాస్టిక్ ముక్కలు బిగించి ఆడుకునే లెగో సెట్లలో వచ్చే చిన్న మనిషి బొమ్మే మినీఫిగర్. 2017లో మేనల్లుడికి కొన్న లెగో ఫైరింజన్ సెట్‌లోది ఆ బొమ్మ. వాడు రెండు నెలలు ఆడుకుని క్రికెట్ బ్యాట్ పట్టాడు, బొమ్మ నా బల్ల మీద ఉండిపోయింది. ఆ పగులు నా చేతులతో వచ్చిందే. చెయ్యి ఊడదీసే పద్ధతి తెలియక నేరుగా బయటికి లాగేదాన్ని. గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, మెల్లగా తిప్పుతూ తీయాలని తర్వాత తెలిసింది. ఇప్పుడు నా దగ్గర నూట ఎనభై దాకా బొమ్మలున్నాయి. బ్యాంకు ఉద్యోగం, ఇల్లు పోను మిగిలిన రాత్రి పూటలు, ఆదివారం పొద్దుటి వేళలు వీటికే. వేషాలు మార్చడం, ఫొటోలు తీయడం. ఎనిమిదేళ్లలో ఏది నిలబడిందో, ఏది చేతికొచ్చి కూడా పాడైపోయిందో రాస్తున్నాను.

ముందు బొమ్మ సంగతి. డెన్మార్క్‌లోని లెగో కంపెనీ 1978లో ఈ రూపాన్ని బయటికి తెచ్చింది. రూపకర్త యెన్స్ నీగార్డ్ క్నుడ్సెన్. టోపీ, జుట్టు లేకుండా ఎత్తు సుమారు నాలుగు సెంటీమీటర్లు. కదిలే చోట్లు ఏడు: మెడ, రెండు భుజాలు, రెండు మణికట్లు, రెండు తొడలు. అంతే. మోచెయ్యి వంగదు, మోకాలు వంగదు. మొదటి పదేళ్లు అన్ని ముఖాలూ ఒక్కటే, రెండు చుక్కల కళ్లు, ఒక నవ్వు గీత. 1989లో సముద్రపు దొంగల సెట్లు వచ్చినప్పుడు గానీ గడ్డాలు, కంటి మీద గుడ్డపట్టీలు, వేరే వేరే ముఖాలు రాలేదు. నాకు ఆ పాత రెండు చుక్కల ముఖమే ఎక్కువ ఇష్టం. తల కొంచెం పక్కకి తిప్పి, వెలుగు పైనుంచి పడేట్టు పెడితే అదే ముఖం దిగులుగా కనిపిస్తుంది. కిందనుంచి వెలుగు పడితే తుంటరిగా ఉంటుంది. ముఖంలో అన్నీ గీసేసి ఉంటే ఈ అవకాశం ఉండదు.

పసుపు రంగు గురించి చెప్పాలి. ఏ జాతివాళ్లో తెలియకుండా ఉండాలని ఆ రంగు ఎంచుకున్నారు. మా ఇంట్లో మాత్రం అది ఇంకోలా చెల్లింది. మొదటి సంక్రాంతికి బొమ్మల కొలువులో, కొండపల్లి దశావతారాల కింద మెట్టు మీద, నేను తయారుచేసిన ఆడబొమ్మల్ని నాలుగింటిని పెట్టాను. పేరంటానికి వచ్చిన పక్కింటి మామ్మగారు వంగి చూసి, "ముఖాలకి పసుపు రాసుకుని ఎంత కళగా ఉన్నారే!" అన్నారు. ఆరోజు నుంచి ముఖాలకు వేరే రంగు వేయాలన్న ఆలోచన మానేశాను.

మోకాలు వంగదన్నాను కదా, మన జీవితాన్ని ఈ బొమ్మలతో చూపించాలనుకున్నప్పుడు మొదట అడ్డొచ్చేది అదే. కుర్చీలో కూర్చుంటుంది, గుర్రం ఎక్కుతుంది, నేల మీద బాసింపట్టు వేయలేదు. పంక్తి భోజనం ఫొటో తీయాలని ఏడాది పాటు ప్రయత్నించాను. కాళ్లు తీసేసి, కాగితం గుజ్జుతో మడిచిన కాళ్లు చేసి చూశాను, కంటికి ఆనలేదు. చివరికి విస్తళ్లు ముందుకు పెట్టి, కెమెరాని విస్తరి ఎత్తుకి దింపి, బొమ్మల నడుము కింద భాగం అన్నం రాశి వెనక దాక్కునేలా పెట్టాను. ఒక్కో విస్తరిలో పది గసగసాల గింజలు, అదే అన్నం. ఇప్పటికీ నాకు బాగా నచ్చిన ఫొటోల్లో అదొకటి.

వేషం మార్చడంలో నేను ఎక్కువ నేర్చుకున్నది హరిదాసుని చేసేటప్పుడు. అందుకే ఆ ఒక్క బొమ్మ గురించి వివరంగా రాస్తాను.

ఈ బొమ్మ తల మీద ఒక బుడిపె ఉంటుంది, జుట్టూ టోపీ దాని మీదే కూర్చుంటాయి. హరిదాసు నెత్తిన అక్షయపాత్ర కదా, ఇంతకన్నా కుదిరిన వేషం లేదనిపించింది. లెగోలో డిష్ అని చిన్న మూకుడు లాంటి ముక్క ఉంది. దాన్ని తల మీద నొక్కి, చుట్టూ ఎంసీల్ పెట్టి చెంబు ఆకారం తెచ్చాను. ఎంసీల్ రెండు ముద్దల్నీ సమపాళ్లలో కలపాలి. కలిపాక అరగంట లోపు పని అయిపోవాలి. వేళ్లు తడి చేసుకుంటూ రుద్దితే నునుపు వస్తుంది. ఆరాక సన్న గరుకు కాగితంతో రుద్ది, రాగి రంగు అక్రిలిక్ వేశాను. రంగు ఒకేసారి మందంగా వేయకూడదు, పల్చగా మూడు నాలుగు పూతలు వేయాలి.

పంచె దగ్గర రెండుసార్లు దెబ్బతిన్నాను. మొదట నాన్న పాత పంచె అంచు నుంచి ముక్క కత్తిరించి, గంజి పెట్టి, కుచ్చిళ్లు పోశాను. చేతిలో ముచ్చటగా ఉంది. దగ్గరనుంచి ఫొటో తీస్తే ఒక్కో దారం మోకులా కనిపించి, గోనెసంచి కట్టుకున్నట్టుంది. సన్నటి మల్లు గుడ్డ కూడా పనికిరాలేదు. అప్పుడు టిష్యూ పేపర్ పొర ఒకటి విడదీసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, బొమ్మ కాళ్లకు చుట్టి, టూత్‌పిక్‌తో మడతలు దిద్దాను. ఆరాక అది గట్టి డొల్లలా అయింది. ఫెవికాల్ ఈ ప్లాస్టిక్‌ని గట్టిగా పట్టుకోదు కాబట్టి కొనగోటితో లాగితే పంచె మొత్తం ఊడి వస్తుంది, కింద బొమ్మ చెక్కుచెదరదు. ఇప్పుడు చీరలు, లుంగీలు, కండువాలు అన్నీ ఇలాగే చేస్తున్నాను.

నుదుటి నామాలకు కంప్యూటర్‌లో గీసి వాటర్‌స్లైడ్ డెకాల్ ముద్రించాను. చిన్నప్పుడు నీళ్లతో తడిపి చేతి మీద అద్దుకున్న స్టిక్కర్లకు ఇది చుట్టం. ఇంటి ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు. పసుపు ముఖం మీద ఎర్ర గీత ఒక్కటే పడింది, తెల్ల నామాలు మాయం. తెల్ల అడుగు ఉన్న డెకాల్ కాగితం కూడా దొరుకుతుంది కానీ దాన్ని అంచు వెంట కత్తిరించాలి, మూడు మిల్లీమీటర్ల నామానికి అది నావల్ల కాలేదు. చివరికి టూత్‌పిక్ కొస చెక్కి, తెల్ల అక్రిలిక్‌లో ముంచి నామాలు దిద్దాను. పదకొండో తలకి కుదిరింది. ఇంక్‌జెట్ ప్రింటర్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: ముద్రించిన కాగితం మీద పారదర్శకమైన వార్నిష్ కొట్టి ఆరబెట్టకుండా నీళ్లలో ముంచితే సిరా కరిగిపోతుంది.

తంబురకు దండం కావాలి. మినీఫిగర్ గుప్పిట 3.2 మిల్లీమీటర్ల లావున్న కడ్డీని పట్టుకునేలా చేసినది. అంతకన్నా లావైనది దూరిస్తే గుప్పిట సాగి, తర్వాత ఏదీ నిలవదు. సన్నదైతే జారిపోతుంది. అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ గొట్టానికి ఒక చుట్టు టేప్ వేస్తే సరిగ్గా సరిపోయింది. కింద కాయ భాగం ఎంసీల్, తీగ అమ్మ కుట్టుపెట్టెలోని బంగారు రంగు జరీ దారం.

పాడుచేసుకున్నవీ ఉన్నాయి. ఒక బొమ్మ చొక్కా మీది ముద్ర చెరపాలని నెయిల్ పాలిష్ రిమూవర్ పెట్టాను. అందులో ఉండే అసిటోన్ ఈ ఏబీఎస్ ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. మొండెం అంతా మసకబారి, వేలిముద్ర పడిపోయింది. ఇత్తడి సామాన్లకు వాడే పాలిష్ ఇయర్‌బడ్‌తో అద్దుకుని, ఓపిగ్గా పావుగంట రుద్దితే ముద్ర పోతుంది, మెరుపు నిలుస్తుంది. తెల్ల కాళ్ల జతలు కిటికీ దగ్గర అరలో రెండు వేసవులు ఉండి పసుపెక్కాయి. మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి, గాజు గిన్నెతో సహా డాబా మీద ఎండలో రెండు రోజులు పెడితే చాలావరకు తెల్లబడ్డాయి. చేతి తొడుగులు వేసుకోండి, చర్మం మీద పడితే మండుతుంది. ముద్రలున్న భాగాలకు మాత్రం ఈ పని నేను చేయను.

బొమ్మల మీద ముద్ర వేసి పంపుతామన్న ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఆరు పోలీసు చొక్కాలు చేయించుకున్నాను. నెల తిరగకుండానే భుజం అంచుల దగ్గర పొర లేచింది. రాసినా జవాబు రాలేదు. అప్పటినుంచి ఎవరిదగ్గరైనా ముందు ఒక్కటే తెప్పించుకుని, చేతులు యాభైసార్లు తిప్పి చూశాకే మిగతావి చెబుతున్నాను. చెయ్యి మొండేన్ని రాసుకునే చోట ఏ రంగైనా, ఏ ముద్రైనా ముందు అరుగుతుంది. ఫొటో కోసమే అయితే చేతులు ఒకే భంగిమలో ఉంచేయడం మేలు.

ఇక ఫొటోలు. మొదటి రెండేళ్లు లోపం కెమెరాలో ఉందనుకున్నాను. తప్పు. లోపం వెలుగులో ఉంది. నిగనిగలాడే ప్లాస్టిక్ కాబట్టి ట్యూబ్‌లైటు మొత్తం నల్ల హెల్మెట్ మీద తెల్ల గీతై కూర్చుంటుంది. బటర్ పేపర్ ఒక చట్రానికి బిగించి, దాని వెనక మామూలు ఎల్ఈడీ బల్బు పెట్టండి. మెరుపు మెత్తబడి, బొమ్మ గుండ్రంగా కనిపిస్తుంది. నా పెట్టుబడిలో అన్నిటికన్నా తక్కువ ఖర్చు, అన్నిటికన్నా ఎక్కువ ఫలితం దీనిదే.

రెండోది ఎత్తు. నిలబడి కిందికి చూస్తూ తీసిన ఫొటోలో బొమ్మ బొమ్మే. బోర్లా పడుకుని, కెమెరాని దాని కళ్ల ఎత్తుకి దింపితే మనిషి అవుతుంది. ఫోన్ వాడేవాళ్లు దాన్ని తలకిందులు చేసి, లెన్స్ నేలకు ఆనేట్టు పెట్టాలి. బ్రిటన్‌కు చెందిన మైక్ స్టింప్సన్ లోకప్రసిద్ధమైన పాత ఫొటోల్ని ఈ బొమ్మలతో మళ్లీ తీశారు. వాటిని వరసగా చూస్తూ కెమెరా ఎక్కడుందో ఊహించుకోవడం నాకు మంచి పాఠం అయింది.

కెమెరా ఉన్నవాళ్లకు ఒక లెక్క. బొమ్మ ఫ్రేము నిండేంత దగ్గరగా వెళ్లినప్పుడు, నా పాత డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ రంధ్రాన్ని సన్నం చేసి ఎఫ్/11 పెట్టినా స్పష్టంగా ఉండే లోతు కొన్ని మిల్లీమీటర్లే. ముఖం స్పష్టంగా ఉంటే ముందుకు చాచిన చెయ్యి మసకబారుతుంది. రంధ్రాన్ని ఇంకా సన్నం చేసి ఎఫ్/22కి వెళ్తే లోతు పెరుగుతుంది, ఫొటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. నేను చేతుల్ని పక్కకు ఉంచి, ఎఫ్/11 దగ్గరే ఆగుతాను. తప్పదనుకుంటే ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ ఐదారు ఫొటోలు తీసి కలుపుతాను. దుమ్ము మాత్రం దేనికీ లొంగదు. కంటికి కనిపించని నూగు ఫొటోలో చెట్టుకొమ్మలా తేలుతుంది. మెత్తటి మేకప్ బ్రష్ ఎప్పుడూ పక్కనే ఉండాలి.

హరిదాసు ఫొటోకి ధనుర్మాసపు పొద్దు కావాలి. నల్ల పలక మీద బియ్యప్పిండితో, టూత్‌పిక్ సాయంతో నాలుగు చుక్కల ముగ్గు వేశాను. నిజం వాకిట్లో నిలబెడితే ముగ్గు గీత బొమ్మ మోకాలి దాకా వచ్చింది, అందుకే పలక. మంచుకి సాంబ్రాణి పొగ. అగరుబత్తి పొగ గీతలా లేస్తుంది, సాంబ్రాణి పొగ పరుచుకుంటుంది. వెనకనుంచి వెలుగు ఉంటేనే పొగ కనిపిస్తుంది, ముందునుంచి వేస్తే ఫొటో వెలిసిపోతుంది. ఫ్యాన్ ఆపి, తలుపులు వేసి, పది సెకన్లలో తీసేయాలి. ఇసుక కోసం బొంబాయి రవ్వ పోసిన మరో ఫొటోలో, తెల్లారేసరికి చీమలు బారులు తీరి ఉన్నాయి. ఆ చీమలు, ఆ బొమ్మలు కలిసి ఎంత బాగా వచ్చాయంటే రవ్వ ఎత్తకుండా ఇంకో గంట తీశాను. వానాకాలంలో మా ప్రహరీ గోడ మీద పట్టే నాచుకి మించిన అడవి మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఖర్చు మాట దాచను, ఇది చవకైన సరదా కాదు. మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. విడి భాగాలు బయటినుంచి తెప్పించుకోవడం నేను దాదాపు మానేశాను. పెద్దయిన పిల్లలున్న ఇళ్లలో అటకెక్కిన డబ్బాలు అడిగి తీసుకుంటున్నాను. నా బొమ్మల్లో సగం అలా వచ్చినవే. బజార్లో దొరికే పేరులేని నకళ్లు మాత్రం కొనకండి. తల వదులు, గుప్పిట వదులు, ఒక బొమ్మ చెయ్యి ఇంకోదానికి పట్టదు. ఏ ముక్కైనా ఏ బొమ్మకైనా పట్టడమే కదా ఈ సరదాకి ప్రాణం. పగిలిన అసలు లెగో మొండేల మీద రంగులు సాధన చేయడం మంచిది. బాగున్న బొమ్మను కోయడం, రుద్దడం నేను మానేసి ఐదేళ్లయింది. వేసిన వేషం తీసేస్తే లోపల పాత బొమ్మ అలాగే ఉండాలి. ఆ ఫైర్‌మ్యాన్ (నా మొదటి బొమ్మ) ఇప్పటికి తొమ్మిది వేషాలు కట్టాడు. పగులున్న వైపు కెమెరాకి కనిపించకుండా నిలబెడతాను.

వచ్చే సంక్రాంతి కొలువుకి హరిదాసు పక్కన గంగిరెద్దు కావాలని అమ్మ అడిగింది. లెగో ఆవు ఉంది, దానికి మూపురం లేదు. ఎంసీల్‌ని విడిగా టోపీలా మలిచి, అంటించకుండా వీపు మీద కూర్చోబెట్టాలని చూస్తున్నాను. పైన కప్పే బొంతకి అమ్మ తన పాత పట్టు జాకెట్టు చేతి అంచు కత్తిరించి ఇచ్చింది. దారం లావుగా కనిపిస్తుందని తెలుసు. ఈసారికి కనిపించనిస్తాను.