బరువు తగ్గే ఆపరేషన్‌కు ముందు పరీక్షలు: రాజమహేంద్రవరం నుంచి పంజాగుట్ట దాకా

బరువు తగ్గే ఆపరేషన్‌కు ఎంతవుతుందని అడిగితే ఏ ఆసుపత్రిలోనైనా ఒక అంకె చెబుతారు. దానికి ముందు చేయించాల్సిన పరీక్షల ఖర్చు ఆ అంకెలో ఉందో లేదో మనం గుచ్చి గుచ్చి అడిగితే తప్ప తెలియదు. మా అక్క ఆపరేషన్ కోసం రాజమహేంద్రవరానికీ హైదరాబాద్‌కూ మధ్య తిరిగిన రోజుల్లో నాకు గట్టిగా తెలిసిన సంగతి ఇది: పరీక్షలు ఎక్కడ చేయించామన్నది ఒక ఎత్తు, ఏది ముందు ఏది వెనక చేయించామన్నది మరో ఎత్తు. డబ్బు మిగిలేదీ పోయేదీ ఈ రెండో దాని దగ్గరే.

అక్క బరువు 86 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు. అంటే బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంత ఎక్కువో చూపే లెక్క) 35.8. ఆసియా వాసుల విషయంలో బీఎంఐ 27.5 దాటినప్పటి నుంచే ఈ ఆపరేషన్‌ను ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. బీమా లెక్క వేరు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం బీఎంఐ 40 ఉండాలి. లేదంటే 35 ఉండి, ఇతర పద్ధతులేవీ పనిచేయక, దానికి తోడు తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడడం), అదుపులో లేని టైప్ 2 మధుమేహం, గుండె ధమనుల జబ్బు, ఊబకాయం వల్ల గుండె కండరానికి వచ్చిన జబ్బు వీటిలో ఏదో ఒకటి ఉండాలి.

అందుకే ఎత్తు కొలిచే చోట నేను పక్కనే నిలబడ్డాను. ఓపీలో రద్దీ ఎక్కువగా ఉంది. నర్సు అక్కను చెప్పులతోనే కర్ర కింద నిలబెట్టి 158 అని రాయబోయింది. "అమ్మా, చెప్పులు విప్పించి మళ్ళీ చూడండి" అన్నాను. 155 వచ్చింది. ఆ మూడు సెంటీమీటర్లతో బీఎంఐ 34.4కు పడిపోయేది, కాగితం మీద అక్క అర్హత పోయేది. బరువు, ఎత్తు రాసిన ఆ మొదటి ఓపీ చీటీనే తర్వాత బీమా కంపెనీ అడుగుతుంది. వెళ్ళేవాళ్ళు దాన్ని జాగ్రత్త చేసుకోవాలి.

హైదరాబాద్ వెళ్ళకముందే మా ఊళ్ళో చేయించినది నిద్ర పరీక్ష. దానవాయిపేటలో అక్కను చూసే ఫిజీషియన్ గారు ఇంటి దగ్గరే చేయించమన్నారు. రాత్రి టెక్నీషియన్ వచ్చి ఛాతీకి పట్టీ, ముక్కు దగ్గర గొట్టం, వేలికి క్లిప్పు పెట్టి వెళ్ళాడు. పొద్దున వచ్చి తీసుకుపోయాడు. గంటకు 30 సార్లు, అంతకు మించి ఊపిరి ఆగినా, పలచబడినా తీవ్రమైనదని లెక్క. అక్కది ఆ గీత దాటింది. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండి చేయించుకుంటే ఇంకా వివరంగా వస్తుంది, నిజమే. కానీ కేవలం పరీక్షల కోసం చేరితే ఆ ఖర్చును బీమా ఇవ్వదు. ఇంటి పరీక్ష సరిపోతుందని డాక్టరు చెప్పినప్పుడు గది అద్దె ఎందుకు కట్టాలి?

ప్రయాణానికి గోదావరి ఎక్స్‌ప్రెస్ మాకు బాగా కలిసొచ్చింది. సాయంత్రం ఇంట్లో తిని ఎక్కితే ఉదయానికి నాంపల్లి. స్టేషన్ దగ్గరే మెట్రో. రైలు మారే పని లేకుండా ఎర్ర లైనులో నేరుగా ఆసుపత్రి ఉన్న పంజాగుట్ట. కడుపు ఖాళీగా చేయించాల్సిన పరీక్ష ఉన్న రోజున ఈ రాత్రి బండి చాలా అనువు.

ఆసుపత్రిలో మాకు మొదట ఎదురైంది డాక్టరు కాదు, ప్యాకేజీ. రక్త పరీక్షలు, ఎక్స్‌రే, ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్), ఊపిరితిత్తుల పరీక్ష, పొట్ట స్కానింగ్, ఎండోస్కోపీ (గొంతు గుండా కెమెరా గొట్టం దింపి కడుపు లోపల చూడడం) అన్నీ కలిపి పాతిక వేలకు అటూ ఇటూ. ఈ రోజే కట్టేస్తే రాయితీ అన్నారు. అందులో ఒకటి వద్దంటే దాని డబ్బు తగ్గిస్తారా అంటే తగ్గించరు. నేను కట్టలేదు, ముందు సర్జన్ గారిని కలుస్తామన్నాను. ఆయన ఫైలు తిరగేసి, "అమ్మా, ముందు ఎండోస్కోపీ ఒక్కటి చూద్దాం. అందులో ఏదైనా తేలితే మిగతావి ఇప్పుడు చేయించి లాభం లేదు" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాం.

ఎండోస్కోపీలో కడుపు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి, పసుపు రంగు జెల్ ఉన్న బిళ్ళలాంటి కిట్‌లో వేశారు. హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంటే ఆ పసుపు గులాబీ రంగుకు తిరుగుతుంది. మేము బయట కూర్చున్న కాసేపట్లోనే తిరిగింది. సిస్టర్ దాన్ని బయటకు తెచ్చి మాకు చూపించింది. అక్కకు చేయాలనుకున్నది గ్యాస్ట్రిక్ బైపాస్, అంటే కడుపుకు చేసే బైపాస్. ఆ ఆపరేషన్ తర్వాత కడుపులో పెద్ద భాగం దారికి పక్కన ఉండిపోతుంది, అక్కడికి మామూలు ఎండోస్కోపీ గొట్టం చేరదు. అందుకే బ్యాక్టీరియాను ముందే వదిలించుకోవాలి. రెండు వారాలు యాంటీబయాటిక్స్, అవి పూర్తయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగి మళ్ళీ పరీక్ష. (ఎసిడిటీ మాత్రలు వాడేవాళ్ళు ఎండోస్కోపీకి రెండు వారాల ముందు ఆపాలా అని డాక్టరును తప్పక అడగండి. అవి వేసుకుంటూ ఉంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు రావచ్చు.)

ఇప్పుడు తేదీలు చూడండి. ఆసుపత్రిలో చేరడానికి ముందు చేయించిన పరీక్షలకు చాలా పాలసీలు 30 రోజుల దాకా, కొన్ని 60 రోజుల దాకా డబ్బు ఇస్తాయి. అక్కది 30 రోజుల పాలసీ. ఆ రోజు ప్యాకేజీ కట్టి ఉంటే, ఆరు వారాల వాయిదాలో ఆ పాతిక వేలూ గడువు దాటిపోయేవి. పైగా మత్తు డాక్టరు పాత రిపోర్టులు ఒప్పుకోరు కాబట్టి సగం పరీక్షలు మళ్ళీ చేయించాల్సి వచ్చేది.

మా పక్కన కూర్చున్న కరీంనగర్ కుటుంబానికి అచ్చంగా అదే జరిగింది. కొడుక్కి అన్నీ ఒకే రోజు చేయించారు. మూడు నెలల సగటు చక్కెర బాగా ఎక్కువ రావడంతో, అది దిగాక రమ్మన్నారు. ఆ ఒక్క పరీక్ష వాళ్ళ ఊళ్ళో కొన్ని వందల రూపాయల్లో అయ్యేది. తెలంగాణలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో బస్తీ దవాఖానాలోనో నమూనా ఇస్తే, ప్రభుత్వ డయాగ్నస్టిక్ కేంద్రాల ద్వారా ఇలాంటివి ఉచితంగానే చేస్తున్నారు. ఆ తల్లి చేతిలో రసీదుల కట్ట చూసి నాకు చాలా బాధ కలిగింది. చెప్పేవాళ్ళు లేకపోవడమే తప్ప వాళ్ళ తప్పేమీ లేదు.

బస విషయానికొస్తే, కూకట్‌పల్లిలో మా పిన్ని ఇల్లు ఉంది, అదీ ఎర్ర లైను మీదే. డాక్టరు సంప్రదింపులకు అక్కడి నుంచే వెళ్ళాం. ఎండోస్కోపీ రోజున మాత్రం పంజాగుట్ట సందుల్లో ఒక లాడ్జి తీసుకున్నాను. మత్తు ఇచ్చాక అక్కను మెట్రో మెట్లు ఎక్కించడం నాకు ఇష్టం లేదు. లాడ్జి చూసేటప్పుడు టీవీ, ఏసీ కంటే లిఫ్టు, పాశ్చాత్య తరహా మరుగుదొడ్డి, మంచం పక్కన ప్లగ్గు చూసుకోండి. స్లీప్ ఆప్నియాకు సీపాప్ మిషను (నిద్రలో గాలిని ఒత్తిడితో లోపలికి పంపేది) వాడేవాళ్ళకు ఆ ప్లగ్గు లేకపోతే రాత్రంతా కష్టం. "లిఫ్టు ఉంది" అన్న ఒక చోట అది మొదటి అంతస్తు నుంచి మొదలైంది. గది చూడకుండా డబ్బు కట్టవద్దు.

బ్యాక్టీరియా పోయినట్టు తేలాక, ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ మిగతావి చేయించాం. రక్త పరీక్షలన్నీ దానవాయిపేటలోనే, ల్యాబుల నాణ్యతకు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో: రక్తం గడ్డకట్టే తీరు, కాలేయం, మూత్రపిండాలు, థైరాయిడ్, ఐరన్, బీ12, విటమిన్ డి. చివరి రెండే ఖరీదు. కానీ వాటిని వదలకూడదు, ఆపరేషన్ తర్వాత ఐరన్‌తో పాటు ఇవి కూడా ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఎకో, ఊపిరితిత్తుల పరీక్ష మాత్రం ఆపరేషన్ జరిగే ఆసుపత్రిలోనే చేయించాం. బయట కాస్త తక్కువకు దొరుకుతాయి గానీ, మత్తు డాక్టరు సొంత కళ్ళతో చూసుకోవాలనుకునేవి ఇవే. ఇక్కడ వెయ్యి మిగిల్చుకోవడం నాకు సబబనిపించలేదు.

డైటీషియన్, మానసిక నిపుణుల ఫీజులు వేరు. డైటీషియన్‌కు ఇచ్చిన డబ్బు పూర్తిగా సార్థకం. ఆపరేషన్‌కు ముందు రెండు వారాల ద్రవాహారం కాలేయాన్ని కుదించడానికని చెప్పి, ప్రోటీన్ పొడితో పాటు పలుచని మజ్జిగ, పప్పుకట్టు ఎంతెంత తాగాలో గ్లాసుల లెక్కలో రాసిచ్చారు. "నీరసంగా ఉంటే ఏం చేయాలమ్మా?" అని అక్క అడిగిన ప్రతిసారీ ఓపిగ్గా చెప్పారు. మధుమేహానికి వేసుకునే మాత్రలు ఆ రెండు వారాల్లో తగ్గించుకోవాలని, ఎంత తగ్గించాలో ఫిజీషియన్‌ను అడగమని గుర్తు చేసింది కూడా ఆవిడే.

బిల్లుల దగ్గర మూడు కాగితాలు కలిసి ఉండాలి: పరీక్ష రాసిన డాక్టరు చీటీ, పరీక్షల పేర్లు విడివిడిగా ఉన్న రసీదు, రిపోర్టు. చీటీ తేదీ రసీదు తేదీ కంటే ముందుండాలి. పేరు పాలసీలో ఉన్నట్టే ఉండాలి. మా ల్యాబులో ఇంటిపేరు వదిలేసి రాస్తే అక్కడికక్కడే మార్పించాను. ఆపరేషన్ క్లెయిము ఒప్పుకుంటేనే ముందు పరీక్షల డబ్బు వస్తుంది. అందుకే బీమా కంపెనీ నుంచి ముందస్తు అనుమతి వచ్చాకే ఖరీదైన పరీక్షలకు దిగాం. నిద్ర పరీక్ష, మొదటి ఎండోస్కోపీ గడువుకు బయటే ఉండిపోయాయి, అవి మా చేతి ఖర్చు. అనుమతి రావడానికి నిద్ర పరీక్ష రిపోర్టే ఆధారమైంది కాబట్టి దాని గురించి మాకు విచారం లేదు.

ఆపరేషన్ తర్వాత మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఆపైన ఏటా ఇవే రక్త పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. డిశ్చార్జి తర్వాత 60 రోజులో 90 రోజులో పాలసీని బట్టి బీమా చూసుకుంటుంది. ఆ తర్వాతవి మనవే. వాటి కోసం ఎవరూ హైదరాబాద్ వెళ్ళనక్కర్లేదు. దానవాయిపేట ల్యాబులోనే ఇచ్చి, రిపోర్టు ఫోనులో సర్జన్ గారికి పంపుతున్నాం.