ఆడపిల్లగా పుడితే ఏథెన్స్ మేలా, స్పార్టా మేలా?

ప్రాచీన గ్రీకుల మాట రాగానే మనసు ఏథెన్స్ వైపే పోతుంది. ప్రజాస్వామ్యం, నాటకాలు, సోక్రటీస్, అన్నీ అక్కడివే. స్పార్టా అంటే యుద్ధాలే గుర్తొస్తాయి. కానీ క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఒక పౌరుడి ఇంట ఆడపిల్ల పుట్టిందనుకుని చూస్తే, నా మొగ్గు స్పార్టా వైపే.

ఏథెన్స్‌లో ఆ పిల్లకి పద్నాలుగు, పదిహేనేళ్లకే పెళ్లి. వరుడికి దాదాపు ముప్పై. ముందు తండ్రి, తర్వాత భర్త, ఆయన పోతే కొడుకు ఆమె తరఫున వ్యవహారాలు చూడాలి. ఒక మెదిమ్నోస్ బార్లీ, అంటే సుమారు 50 లీటర్ల గింజల విలువకు మించిన బేరం ఆమె సొంతంగా చేయకూడదు. అన్నదమ్ములు లేకుండా తండ్రి చనిపోతే ఇంకా కష్టం. ఆస్తి బయటికి పోకుండా దగ్గరి మగ బంధువు ఆమెను పెళ్లాడవచ్చు. ఆ హక్కు అందరికంటే ముందు తండ్రి తోడబుట్టినవాడిది! పెదనాన్న, చిన్నాన్న తండ్రితో సమానమనుకునే మనకు ఈ మాట చదువుతుంటేనే మనసు చివుక్కుమంటుంది.

అక్కడ మంచి లేదని కాదు. దంపతులు విడిపోతే కట్నం వెనక్కి ఇచ్చేయాలి. థెస్మోఫోరియా పండుగ పూర్తిగా ఆడవాళ్లదే. నగర దేవత ఎథీనా గుడిలో ప్రధాన పూజారిణి కూడా స్త్రీయే. పేదింటి ఆడవాళ్లు బజారులో రొట్టెలు, రిబ్బన్లు అమ్మేవాళ్లు. నాలుగు గోడల మధ్య ఉండటం కలిగినవాళ్లకే కుదిరేది.

స్పార్టాలో పిల్ల పరుగెత్తాలి, కుస్తీ పట్టాలి, ఈటె విసరాలి. తల్లి బలంగా ఉంటేనే బిడ్డ బలంగా పుడుతుందని వాళ్ల నమ్మకం. కారణం ఏదైనా, ఆ పిల్లకి ఆరుబయట ఎండా గాలీ దక్కాయి. పెళ్లి పద్దెనిమిది దాకా ఆగేది. అన్నిటికంటే ముఖ్యం భూమి. క్రీ.పూ. 4వ శతాబ్దం నాటికి స్పార్టా భూమిలో ఐదింట రెండు వంతులు ఆడవాళ్ల చేతిలో ఉందని అరిస్టాటిల్ రాశాడు, అదీ తప్పుపడుతూ.

అయితే ఆ తల్లి గుండెకోత కూడా చూడాలి. కొడుక్కి ఏడేళ్లు నిండగానే శిక్షణకు పంపేయాలి. భర్త ముప్పై ఏళ్లదాకా తోటి సైనికుల మధ్యే నిద్రపోతాడు. ఇక ఆమెకు దక్కిన తీరిక ఎవరి కష్టం వల్ల? హెలట్ల కష్టం వల్ల. స్పార్టా లొంగదీసుకున్న ఆ జనమే పొలాలు దున్నారు, పండినదాంట్లో వాటా యజమానికి కట్టారు. హెలట్ ఇంట పుట్టిన ఆడపిల్లకి స్పార్టాలో నేను ఏ మేలూ చూడలేను. ఓటు హక్కు మాత్రం రెండు నగరాల్లోనూ ఏ స్త్రీకీ లేదు.

అయినా పౌరుల ఇంటి పిల్ల విషయంలో నా మాట మార్చుకోను. స్పార్టా రాజు ఆర్కిడామస్ కూతురు కినిస్కా సొంతంగా గుర్రాలు పెంచింది. క్రీ.పూ. 396లో, మళ్లీ 392లో ఆమె నాలుగు గుర్రాల రథం ఒలింపిక్ పోటీలు జరిగే ఒలింపియాలో గెలిచింది. రథం తోలింది వేరేవాళ్లే, కానీ ఆ పోటీలో కిరీటం గుర్రాల యజమానిది. గ్రీసు మొత్తంలో ఈ కిరీటం గెలిచిన ఏకైక స్త్రీని తానేనని ఆమె ఒలింపియాలో రాతి మీద చెక్కించింది. ఆ రాతిముక్క ఇప్పటికీ ఉంది.