పైన్ అడవుల్లో పళ్ళెం ఆట: నార్త్ కరోలినాలో మేం ఆడిన డిస్క్ గోల్ఫ్ కోర్సులు

"బావా, ఇది ఆటా, లేకపోతే పుట్టగొడుగులు ఏరుకోవడమా?"

మా బావమరిది ఈ మాట అనేటప్పటికి హారిస్ లేక్ పార్కులో పావుగంట నుంచి ఆకుల్ని కాళ్ళతో తన్నుకుంటూ తిరుగుతున్నాం. నవంబరు నెల. నేలంతా ఎర్రటి ఆకులు. వాటి కింద ఎక్కడో నా ఎర్ర డిస్కు. దుకాణంలో చూడగానే రంగు బాగుందని ఎర్రది కొన్నాను మరి. ఆ రోజు అది దొరకలేదు. మర్నాడే వెళ్ళి గులాబీ రంగుది కొనుక్కొచ్చాను. ఇంట్లో నవ్వారు, కానీ అడవిలో గులాబీ రంగు ఆకు ఉండదుగా.

మేం ఉండేది కేరీలో. పక్కనే మోరిస్‌విల్. ఇక్కడి తెలుగువాళ్ళకి వారాంతం అంటే గుడి, క్రికెట్టు. నా మోకాలు పరుగులు తీయనని మొరాయించాక క్రికెట్టు పిల్లాడికి వదిలేసి డిస్క్ గోల్ఫులోకి వచ్చాను. తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. గోల్ఫులో బంతి, గుంట ఉన్నట్టే ఇక్కడ గాల్లోకి విసిరే పళ్ళెంలాంటి ప్లాస్టిక్ డిస్కు, ఇనప బుట్ట. బుట్ట మీద గొలుసులు వేలాడుతుంటాయి. సిమెంటు గట్టు మీంచి మొదటి విసురు, పడిన చోటి నుంచి రెండోది, అలా బుట్టలో పడేదాకా. గట్టు నుంచి బుట్ట దాకా ఒక హోల్, అలాంటివి వరసగా ఉన్నది కోర్సు. తక్కువ విసుర్లతో ముగించినవాడిది గెలుపు. గొలుసులకి తగిలి డిస్కు బుట్టలో పడేటప్పుడు గలగలమని ఒక చప్పుడు వస్తుంది చూడండి, సగం మంది ఈ ఆటకి పడిపోయేది దానికే. ఆ బుట్టని తయారుచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి కోర్సు వేశాడు. 2002లో పోయాక ఆయన అస్థికల బూడిద కలిపి డిస్కులు పోశారు. ఆయన కోరికే అది. మనం గోదాట్లో కలుపుతాం, ఆయన ప్లాస్టిక్‌లో కలిశాడు.

కోర్సుల సంగతికి వచ్చే ముందు నా లెక్క ఒకటి చెప్పాలి. నా చెయ్యి గట్టిగా విసిరితే రెండు వందల ఇరవై అడుగులు. బావమరిది మూడు వందలు దాటిస్తాడు. అందుకని మైదానం లాంటి కోర్సు నాకు శిక్ష. చెట్ల మధ్య కోర్సులో మాత్రం వాడి మూడు వందల అడుగులూ ఎనభయ్యో అడుగు దగ్గర పైన్ మానుకి టంగుమని కొట్టుకుని ఆగిపోతాయి. నేను నిదానంగా, తిన్నగా నూట యాభై వేసి వాడిని దాటి నడుచుకుంటూ పోతాను. మా రాష్ట్రం నిండా చెట్లే కావడం నా అదృష్టం. కింద చెప్పేదంతా ఈ కళ్ళతో చూసిందే. చెయ్యి బలంగా ఉన్నవాళ్ళు నా మార్కుల్ని తిరగేసి చదువుకోండి.

హారిస్ లేక్ కౌంటీ పార్కులోని బక్‌హార్న్ కోర్సుకి నా మొదటి పీట. మా ఇంటి నుంచి అరగంట డ్రైవు. దారిలో చెట్ల పైనుంచి అణు విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్ తెల్లగా కనిపిస్తూ ఉంటుంది. అసలు వాగుకి ఆనకట్ట వేసి ఈ చెరువుని కట్టించిందే ఆ కేంద్రానికి చల్లటి నీళ్ళ కోసం. కొత్తగా వచ్చిన చుట్టాలు ఆ టవర్ చూసి కాస్త జంకుతారు గానీ పార్కులోకి అడుగుపెడితే పైన్ సూదుల మెత్తటి నేల, వడ్రంగిపిట్టల టకటక తప్ప ఇంకేం ఉండదు. పద్ధెనిమిది హోళ్ళు, దాదాపు అన్నీ అడవిలోనే. డబ్బు కట్టక్కర్లేదు. ఇక్కడ నచ్చేది ఏమిటంటే, ప్రతి హోల్‌కీ తప్పనిసరిగా ఒక దారి ఉంటుంది. సిమెంటు గట్టు మీద నిలబడి చూస్తే ఆ చెట్ల గుంపులోంచి అసలు ఎలా పోతుందిరా అనిపిస్తుంది. రెండడుగులు పక్కకి జరిగి వంగి చూస్తే సొరంగంలా సందు కనపడుతుంది. ఆ సందులోకి డిస్కు దూరి, చివర్లో ఎడమకి వాలుతూ బుట్ట వైపు పోతుంటే, చిన్నప్పుడు మా ఊరి చెరువులో కుండ పెంకు విసిరి నీళ్ళ మీద నాలుగు గెంతులు గెంతించినప్పటి సంబరం. నిజానికి మణికట్టు తిప్పే కిటుకు అదే. పెంకులు విసిరినవాడికి ఫోర్‌హ్యాండ్ నేర్పక్కర్లేదు.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. ఏప్రిల్ నుంచి పిడుదులుంటాయి, ఇంటికొచ్చాక మేజోళ్ళు తీసి మోకాళ్ళ వెనక చూసుకోవాలి. మూడేసి ఆకులున్న తీగ కనిపిస్తే అది తగిలితే దద్దుర్లొచ్చే పాయిజన్ ఐవీ కావచ్చు, డిస్కు అందులో పడితే కర్రతో లాగండి. కాపర్‌హెడ్ పాములు ఎండుటాకుల రంగులో కలిసిపోతాయి కాబట్టి దుంగ అవతలికి చూడకుండా చెయ్యి పెట్టొద్దు. మార్చి ఆఖర్లో పైన్ పుప్పొడి పసుపు దులిపినట్టు కారు మీద, డిస్కుల మీద, ముక్కులో. నన్నడిగితే జనవరి, ఫిబ్రవరి బంగారం. ఆకులు అణగిపోయి ఉంటాయి, పురుగూ పుట్రా ఉండదు. ఫ్లాస్కులో అల్లం టీ పోసుకుని తొమ్మిదో హోల్ దగ్గర దుంగ మీద కూర్చుంటే కదలబుద్ధి కాదు. చలికి ప్లాస్టిక్ గట్టిపడి వేళ్ళకి తగులుతుంది, అంతే.

రాలీలో సెడార్ హిల్స్, కెంట్‌వుడ్ రెండూ ఆఫీసు అయ్యాక ఆడదగ్గవి. సెడార్ హిల్స్ ఎత్తుపల్లాలకి మోకాలు కాస్త మూలిగింది. కెంట్‌వుడ్‌లో వాగు ఉంది. వాగుంటే నా డిస్కు దాన్ని వెతుక్కుంటూ పోతుంది, కాబట్టి అక్కడికి పాత డిస్కులే తీసుకెళ్తాను. కేరీ ఊరివాళ్ళ మిడిల్ క్రీక్ మా వీధివాళ్ళందరికీ మొదటి బడి. డర్హమ్‌లో వ్యాలీ స్ప్రింగ్స్ అడవి బాగుంటుంది గానీ ఆదివారం మధ్యాహ్నం వెళితే ప్రతి హోల్ దగ్గరా నిలబడాలి.

పేరు చెప్పని కోర్సు ఒకటుంది, రెండు గంటలు నడిపి వెళ్ళాం. నాలుగో హోల్ అయ్యాక అయిదోది ఎటో ఒక్క బాణం గుర్తు లేదు. ఉన్న బోర్డు మీద మ్యాపు ఎండకి వెలిసిపోయి తెల్లకాగితంలా ఉంది. తిరిగి తిరిగి పదకొండో హోల్ ఆడేశాం, మాకెదురుగా ఆడుకుంటూ వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళ డిస్కు మా పిల్లాడి చెవి పక్కనుంచి పోయింది. అప్పటి నుంచి నేను కొత్త కోర్సుకి వెళితే ముందు చూసేది బుట్టలు కాదు, తర్వాతి హోల్‌కి దారి చూపే బాణాలు. యూడిస్క్ యాప్‌లో మ్యాపు ముందే దింపుకోవడం కూడా అప్పుడే అలవాటైంది.

ఇక షార్లెట్. డిస్క్ గోల్ఫ్ పిచ్చి ఉన్న ఊరు అది. 2012 ప్రపంచ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది, పాల్ మెక్‌బెత్ తన తొలి ప్రపంచ టైటిల్ ఇక్కడే కొట్టాడు. ప్రో టూర్ వాళ్ళు ఏడాది చివర పెట్టే చాంపియన్‌షిప్ హార్నెట్స్ నెస్ట్ పార్కులోనూ, నెవిన్ పార్కులోనూ ఆడారు. హార్నెట్స్ నెస్ట్ అంటే కందిరీగల తుట్టె. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ ఈ ఊరి తిరుగుబాటుదారుల పోరు పడలేక ఊరికి ఆ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. నాకైతే ఆ పార్కులో మూడు హోళ్ళు ఆడగానే కార్న్‌వాలిస్ బాధ అర్థమైంది.

ఒక లాంగ్ వీకెండ్‌కి నేను, బావమరిది, మా చిన్నాడు రెండు రాత్రులకని వెళ్ళాం. బస దగ్గర కక్కుర్తి పడ్డాను. హైవే పక్కన, పార్కులకి పది నిమిషాల దూరంలో అగ్గువలో దొరికిందని ఒక హోటల్ బుక్ చేశాను. గది తలుపు తీయగానే పాత సిగరెట్టు కంపు. తలుపు మీదేమో పొగ తాగరాదన్న బోర్డు. ఏసీ వేస్తే పిండిమర పక్కన పడుకున్నట్టుంది. కింద కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, కానీ గది మార్చేసరికి పన్నెండు దాటింది. పొద్దున ఫలహారం అంటే తగరం సంచుల్లో ఓట్స్, ఒక వాఫుల్ యంత్రం, దాని ముందు క్యూ. ఈ ఆటలో రోజుకి ఆరేడు మైళ్ళు నడుస్తాం. పొట్టలో ఏదైనా గట్టిగా పడాలి. రెండోసారి వెళ్ళినప్పుడు రాత్రికి నలభై డాలర్లు ఎక్కువ పెట్టి వంటగది ఉన్న అపార్టుమెంటు తీసుకున్నాం. రైస్ కుక్కరు, ఆవకాయ సీసా కారు డిక్కీలో పడేసుకున్నాం. రాత్రికి ముద్దపప్పు, ఆవకాయ తిని పడుకుంటే పొద్దున పిక్కలు కూడా పట్టలేదు. నలుగురు వెళితే ఇదే చవక.

నెవిన్ గురించి నిజం చెప్పాలంటే, టీవీలో వాళ్ళు ఆడింది చూసి వెళ్ళాం, వచ్చాక మళ్ళీ టీవీలోనే చూస్తున్నాను. కోర్సు అద్భుతం. అడవీ ఉంది, ఆరుబయలూ ఉంది, ఏ విసురూ ఊరికే రాదు. కానీ రెండు వందల ఇరవై అడుగుల చెయ్యికి ప్రతి హోల్ ఒక తీర్థయాత్ర. బావమరిది మాత్రం రోజంతా మొహం వెలిగిపోతూ తిరిగాడు. "బావా, నువ్వు బుట్ట దగ్గర కూర్చో, నేనొచ్చి చెప్తా" అని వెక్కిరింపు ఒకటి. చిన్నాడికి మా ఇద్దరి కంటే తక్కువ విసుర్లు పట్టిన హోల్ ఒకటుంది. దాని సంగతి వాడు చుట్టాలందరికీ ఫోన్లో చెప్పాడు కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయను.

షార్లెట్ దాకా వెళ్ళినవాళ్ళు సరిహద్దు దాటి సౌత్ కరోలినాలోని రాక్ హిల్ కూడా చూసి రావాలి. మన రాష్ట్రం కాదన్న పట్టింపు వద్దు, అరగంటే. అక్కడి విన్‌త్రాప్ యూనివర్సిటీలో 1999 నుంచి అమెరికా చాంపియన్‌షిప్ జరుగుతోంది. అక్టోబరులో ఆట రోజుల్లో వెళ్ళి పదిహేడో హోల్ దగ్గర తాడు ఇవతల చేరగిలబడ్డాం. బుట్ట ఉన్న చోటి చుట్టూ గడ్డిమోపులు పేర్చి దీవిలా కట్టారు. డిస్కు ఆ లోపలే ఆగాలి. ప్రపంచంలో పేరున్న ఆటగాడు ఒకడు విసిరితే, డిస్కు గడ్డిమోపు అంచుకి తగిలి ఒక క్షణం నిలబడింది, లోపలికి వాలుతుందా బయటికా అని అందరం ఊపిరి బిగబట్టాం, నెమ్మదిగా బయటికి ఒరిగింది. జనం అంతా "అయ్యో" అన్న ధ్వనికి భాష లేదు. నాకు ప్రతి శనివారం జరిగేదే ఆయనకీ జరిగింది.

విల్మింగ్టన్ వైపు సముద్రానికి వెళ్ళేవాళ్ళు కాజిల్ హేన్ పార్కులో ఒక పూట కేటాయించుకోండి. ఇసక నేల కాబట్టి ముందురోజు వాన పడినా బురద ఉండదు. మా ఎర్రమట్టి బూట్లకి పట్టుకుంటే ఒదలదు, అందుకని ఆ ఇసక నాకు ముద్దొచ్చింది. వేసవిలో దోమలు మాత్రం పరపరా.

కొండల్లో ఆష్ కౌంటీ పార్కు. కేరీ నుంచి మూడు గంటల పైన. జులైలో ఇక్కడ చెమటలు కారుతుంటే అక్కడ పొద్దున్నే స్వెట్టర్ కావాల్సొచ్చింది. దారి పొడుగునా కొండవాలుల మీద క్రిస్మస్ చెట్ల తోటలు, మన తేయాకు తోటల్లా వరసలు వరసలుగా. మేం తీసుకున్న చెక్క ఇల్లు బాగుంది, పొయ్యి, గిన్నెలు, వరండాలో ఉయ్యాల బల్ల అన్నీ ఉన్నాయి. ఇంటి ఫొటోల్లో చూపించనిది ఏమిటంటే చివరి అర మైలు కంకర రోడ్డు. మా చిన్న కారు రెండుచోట్ల చక్రం జారింది. ఫోన్ సిగ్నల్ కూడా అక్కడే పోతుంది. బుక్ చేసేముందు "రోడ్డు ఎలా ఉంటుంది?" అని ఇల్లుగలాయనకి ఒక మెసేజ్ పెట్టండి, మేం పెట్టలేదు.

కోర్సు కొండవాలు మీద. దిగువకి విసిరే హోళ్ళలో డిస్కు ఎంతకీ కింద పడదు. గాల్లో అలా తేలుతూ తేలుతూ, పోనీలే అనుకునేసరికి ఎడమకి ఒరిగి కనుచూపు దాటిపోతుంది. దాన్ని ఎలా అంచనా వేయాలో నాకు సాయంత్రానికి గానీ అర్థం కాలేదు. మామూలుగా వాడే దానికంటే నెమ్మది డిస్కు తీసుకుని, గురి బుట్టకి బాగా కుడివైపు పెట్టాలి. కొత్తవాళ్ళకి ఎక్కడైనా ఇదే మాట: డిస్కు మీద ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటిది వేగం, పదకొండు పన్నెండు ఉన్నది కొనుక్కుని మురిసిపోవద్దు. చేతిలో అంత వేగం లేకపోతే అది విసిరీ విసరగానే (కుడిచేత్తో మామూలుగా విసిరితే) ఎడమకి పడిపోతుంది. వాడిన డిస్కులు పది డాలర్ల లోపు దొరుకుతాయి, దగ్గరి విసుర్లకి ఒక పటర్, మధ్య దూరానికి ఒక మిడ్‌రేంజ్ చాలు ఆరు నెలలకి. ఆట అయ్యాక వెస్ట్ జెఫర్సన్‌లో చీజ్ ఫ్యాక్టరీ అద్దంలోంచి తయారీ చూసి, చిన్నాడు పట్టుబట్టి కొనిపించిన పచ్చి చీజ్ ముక్కలు కొరుక్కుంటూ కారెక్కాం. మా ప్రయాణం 2024 సెప్టెంబరు హెలీన్ తుఫానుకి ముందు సంగతి. ఆ కొండ ప్రాంతం చాలా దెబ్బతింది కాబట్టి రోడ్లు, కోర్సులు తెరిచి ఉన్నాయో లేదో చూసుకుని బయల్దేరండి.

ఆ తిరుగు ప్రయాణంలో, కొండ దిగి సిగ్నల్ రాగానే ఫోన్ టింగుమంది. తెలియని నంబరు. ఈ ఆటలో డిస్కు అడుగున మార్కర్‌తో ఫోన్ నంబరు రాసుకోవడం అలవాటు. ఎవరో బక్‌హార్న్‌లో నా ఎర్ర డిస్కు దొరికిందని ఫొటో పెట్టారు. నవంబరులో పోయింది, జులైలో తేలింది. అంచు కాస్త ఎలకో ఉడతో కొరికినట్టుంది. పన్నెండో హోల్ బుట్టలో వదిలి వెళ్తున్నానని రాశాడు. బావమరిది ఫోన్ లాక్కుని చూసి, "పుట్టగొడుగు మొలిచింది బావా" అన్నాడు. ఇంటికి పోయే దారి వదిలేసి అటే తిప్పాం.