ఆరన్ డోనాల్డ్ 99 జెర్సీ: బట్ట బాగుంది, సైజు చూసి తీసుకోండి

లాస్ ఏంజెలెస్‌లో చదువుతూ అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రామ్స్ పిచ్చిలో పడ్డ మా తమ్ముడి కోసం కొన్నా. ఆ జట్టుకి ఆడిన డోనాల్డ్ నంబరే ఈ 99. అంకెలు ప్రింటు కావు, కుట్టినవి. ఎన్ని ఉతుకులైనా చెక్కుచెదరలేదు. డ్రయర్‌లో మాత్రం వేయకండి. భుజాల దగ్గర బాగా వదులు, ఒక సైజు తగ్గించి తీసుకోవడం మేలు. ధర మాత్రం మంటే!

రిటైరైనవాడి జెర్సీకి ఇంత పెట్టాలా అంటారా? 2014లో జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 13వ పిక్‌గా వచ్చినప్పుడు, డిఫెన్స్ లైన్ మధ్యలో ఆడే డిఫెన్సివ్ టాకిల్‌కి ఈ ఎత్తు చాలదన్నారు. పది సీజన్లాడాడు, పదిసార్లూ ఆ ఏటి మేటి ఆటగాళ్లకి దక్కే ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. 2018లో ఏకంగా 20.5 సాక్‌లు, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే పడగొట్టడాలు. అదీ లైన్ మధ్యలోంచి, ఇద్దరేసి మీదపడి ఆపుతుంటే!

నాకైతే 2022 ఫిబ్రవరిలో జరిగిన లీగ్ ఫైనల్, సూపర్ బౌల్ చాలు. ప్రత్యర్థి బెంగాల్స్‌కి ఆఖరి అవకాశం, ఫోర్త్ డౌన్ (నాలుగో, చివరి ప్రయత్నం), ఇంట్లో అందరికీ టెన్షన్. డోనాల్డ్ దూసుకెళ్లి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరోని పట్టుకుని గిర్రున తిప్పేశాడు. బంతి ఎటో పోయింది. రామ్స్ 23-20తో గెలిచింది. ఛాంపియన్ ఉంగరం ఇక ఇక్కడికే అన్నట్టు వేలు చూపించాడు చూడండి, అబ్బ!

తెల్లది కూడా ఉంది కానీ త్వరగా మాసిపోతుంది. నీలమే తీసుకోండి.