అమ్మ కువైట్‌లో ఉంటే పిల్లలు ఎక్కడ ఉండటం మేలు: నాయనమ్మ ఇల్లా, అమ్మమ్మ ఇల్లా, హాస్టలా?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో ఎక్కువమంది మగవారు. తండ్రి దూరమైనా ఆ ఇళ్లలో పిల్లల బడి, పడక, అన్నం పెట్టే చేయి మారవు. కడప, రాయచోటి, రాజంపేట నుంచి, గోదావరి జిల్లాల్లో నరసాపురం, కోనసీమ నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే తల్లుల పిల్లల సంగతి వేరు. ఈ పనికి వెళ్లే స్త్రీలకు 30 ఏళ్లు నిండాలన్న కేంద్ర ప్రభుత్వ నిబంధన ఉంది కాబట్టి, తల్లి బయలుదేరే నాటికి పిల్లలు చాలావరకు బడి వయసులోనే ఉంటారు. ఒప్పందం మామూలుగా రెండేళ్లు. ఆ రెండేళ్లు పిల్లలు ఎక్కడ ఉండాలనే విషయాన్ని వీసా చేతికి వచ్చాక హడావుడిగా తేలుస్తారు. ఒకవైపు ‘మా వంశం పిల్లలు’ అన్న హక్కు, మరొకవైపు ‘నా కూతురి పిల్లలు’ అన్న మమకారం లాగుతుంటే, పొద్దున లేచింది మొదలు ఆ పిల్లల రోజు ఎలా గడుస్తుందన్నది లెక్కలోకి రాదు.

తండ్రి ఊళ్లోనే ఉన్నప్పుడు నాయనమ్మ ఇంటికి ఒక పెద్ద బలం ఉంది: అదే బడి, అదే వీధి, అదే జతగాళ్లు. తల్లి వెళ్లిపోవడమన్న ఒక్క మార్పునే పిల్లలు తట్టుకుంటే సరిపోతుంది. బడిలో టీసీకైనా, ఆసుపత్రిలో సంతకానికైనా తండ్రి అందుబాటులో ఉంటాడు. అయితే ఈ ఇంటి లోపం కూడా చిన్నది కాదు. కోడలు కువైట్ వెళ్లిందనగానే ఊళ్లో నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. కొన్ని ఇళ్లలో ఆ మాటలు అత్తగారి నోటి మీదుగానే పిల్లల చెవిన పడతాయి. ఆమె పంపిన డబ్బుతో మిద్దె లేస్తూనే ఉంటుంది, ఆమెను మాత్రం ‘పిల్లల్ని వదిలేసి పోయింది’ అంటూనే ఉంటారు. ఎనిమిదేళ్ల పిల్ల ఆ మాట నమ్మిందంటే, సెలవుకు వచ్చిన తల్లి ఎన్ని బొమ్మలు, ఎన్ని చాక్లెట్లు తెచ్చినా ఆ నమ్మకాన్ని చెరపడం కష్టం.

అమ్మమ్మ ఇంట్లో ఈ బాధ లేదు. అక్కడ తల్లి పేరు మంచిగానే వినిపిస్తుంది, ఆమె చిన్ననాటి కబుర్లు తెలుస్తాయి, పిల్లవాడు ఏడిస్తే ఏడవనిస్తారు. ఈ చివరిది చాలా ముఖ్యం. లండన్ ఆసుపత్రుల్లో తల్లికి దూరమైన పసిపిల్లలను 1940ల చివరి నుంచి గమనించిన జేమ్స్ రాబర్ట్‌సన్, ఏడుపు ఆగి నిశ్శబ్దంగా మారిన పిల్లలు కుదుటపడినట్లు కాదని, ఆశ వదులుకున్నారని చూపించాడు. బడి వయసు పిల్లల్లో అది అంత తీవ్రంగా ఉండకపోవచ్చు గాని, మూడు వారాలకే ‘అలవాటు పడిపోయాడు’ అని సంబరపడే పెద్దలు ఇది గుర్తుంచుకోవాలి.

కానీ అమ్మమ్మ ఊరికి వెళ్తే బడి మారుతుంది, స్నేహాలు తెగుతాయి. పైగా వేసవి సెలవులకు వచ్చే మనవడికి దక్కే గారాబం ఏడాది పొడవునా ఉండే మనవడికి దక్కదు. ఆ ఇంట్లో మాట అమ్మమ్మదే అయినా, చాలాచోట్ల పని మేనమామ భార్యది. పొద్దున నీళ్లు కాచేది, జడ వేసేది, క్యారియర్ కట్టేది ఆమె. ఆమెకు అదే వయసు పిల్లలుంటే మార్కుల దగ్గర, కొత్త బట్టల దగ్గర పోలికలు మొదలవుతాయి. పిల్లల్ని అక్కడికి పంపే నిర్ణయంలో ఆమెను అడగని కుటుంబాలే ఎక్కువ, చిక్కంతా అక్కడే పుడుతుంది. మేనరికం చేసుకున్న కుటుంబాల్లో రెండువైపులా అయినవారే కాబట్టి ఈ తేడాలు కొంత పలచబడతాయి. అమ్మమ్మే వచ్చి మనవల ఇంట్లో ఉంటే అన్నిటికన్నా మంచిదే, కానీ అల్లుడి ఇంట్లో ఏళ్ల తరబడి ఉండటానికి ఆమె మనసూ ఒప్పదు, ఊరూ ఒప్పదు.

ఫోన్ విషయంలో రెండు ఇళ్లూ సమానమనిపిస్తుంది గాని, అదీ నిజం కాదు. కువైట్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి పదింటికి పని ముగించుకొని తల్లి ఫోన్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. మన పిల్లలు బడికి తయారయ్యే ఏడున్నరకు అక్కడ తెల్లవారుజామున ఐదు. 2015 నాటి కువైట్ ఇంటిపనివారి చట్టం వారానికొక సెలవు ఇచ్చినా, అది దక్కేదీ లేనిదీ యజమానిని బట్టి ఉంటుంది. కాబట్టి పొద్దున పూట ఆ పది నిమిషాలు పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేది ఎవరు, డబ్బు సంగతులతోనే ఆ సమయాన్ని తినేసేది ఎవరు అన్నది చూడాలి. ఫోన్ తండ్రి జేబులో ఉండే ఇంట్లో పిల్లల వంతు చివరికి వస్తుంది.

హాస్టల్ విషయం త్వరగా తేలుతుంది. చాలా గురుకులాల్లో చేరాలంటే ఐదో తరగతి, ఆడపిల్లల కస్తూర్బా విద్యాలయంలో చేరాలంటే ఆరో తరగతి దాకా రావాలి. అంతకన్నా చిన్నవారికి ఆ దారి దొరకడం అరుదు. దసరాకు, సంక్రాంతికి హాస్టల్ మూసినప్పుడు వెళ్లడానికి ఒక ఇల్లు ఎలాగూ కావాలి. అయినా, బంధువుల ఇంట్లో అంట్లు, బట్టలు, చంటిపిల్లల పని మీద పడి చదువు వెనకబడే పన్నెండేళ్ల ఆడపిల్లకు కస్తూర్బా విద్యాలయమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఆ వయసు పిల్లను ‘చేతికి సాయం’ అని పిలవడం మన ఇళ్లలో మామూలైపోయింది.

పదేళ్లలోపు పిల్లల విషయానికొస్తే, తండ్రి బాధ్యత తెలిసినవాడై, తల్లిని గౌరవంగా తలచుకునే ఇల్లయితే నాయనమ్మ దగ్గరే ఉంచాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా, బడి మారినా సరే, అమ్మమ్మ దగ్గరికి పంపాలి. తల్లి గురించి చెడ్డ మాటలు వింటూ పాత బడికి వెళ్లడం కంటే కొత్త బడికి అలవాటు పడటం తేలిక. అన్నాచెల్లెళ్లను ఒకరిని ఇక్కడ, ఒకరిని అక్కడ పంచుకోవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఇల్లు మార్చక తప్పకపోతే వేసవి సెలవుల్లోనే మార్చి, తల్లి కూడా ఆ ఇంట్లో కొన్నాళ్లు ఉండి, జూన్‌లో బడి తెరిచాక తనే పిల్లల్ని కొత్త తరగతిలో కూర్చోబెట్టి బయలుదేరితే మంచిది. పిల్లల ఖర్చుకు పంపే సొమ్ము తండ్రి చేతుల మీదుగా కాక, వారికి రోజూ అన్నం పెట్టే మనిషి ఖాతాకే నేరుగా వెళ్లేలా ప్రయాణానికి ముందే ఏర్పాటు చేసుకోవాలి. లేకపోతే నోటు పుస్తకాల కోసం అమ్మమ్మ అల్లుడిని అడగవలసి వస్తుంది, ఆ అడగడాన్ని పిల్లలు చూస్తారు.